పాఠం 17: అడవి అంచున ఇళ్ళు

17.1 ఉపోద్ఘాతం

మీ ఊళ్ళో గత ఇరవై ఏళ్ళలో ఎన్ని కొత్త ఇళ్ళు లేచాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? జనం పెద్దగా పెరగని ఊళ్ళో కూడా ఇళ్ళు పెరగడం మీరు గమనించే ఉంటారు. అన్నదమ్ములు వేరుపడితే రెండు పొయ్యిలు, రెండు పొయ్యిలంటే రెండు ఇళ్ళు. పట్నంలో ఉద్యోగం చేసే కొడుకు సొంత ఊళ్ళో మేడ కట్టి, తాళం వేసి వెళ్ళిపోతాడు. రోడ్డు పక్క పొలం ప్లాట్లుగా మారుతుంది. మైదాన ప్రాంతంలో ఈ మార్పును మనం అభివృద్ధి అనే అనుకుంటాం. చాలావరకు అది నిజం కూడా.

అడవి పక్కన ఉన్న గ్రామంలో ఇదే మార్పు వేరే విధంగా పనిచేస్తుంది. అక్కడ కొత్త గోడ లేచిన చోటు నిన్నటిదాకా ఖాళీ స్థలం కాదు. అది ఎవరో పశువులు మేపుకొనే బీడు, ఎవరో దుంపలు తవ్వుకొనే వాలు, ఎవరి పెద్దలనో పూడ్చిన నేల. అయితే ఆ "ఎవరో" చేతిలో పట్టా కాగితం ఉండదు. కాగితం లేని హక్కు, కాగితం ఉన్న ఇంటి ముందు ఎలా ఓడిపోతుందో ఈ పాఠంలో ఒక జిల్లా ఉదాహరణతో తెలుసుకుందాం.

ఆ జిల్లా కేరళలోని వయనాడ్. 2024 జూలై 30 తెల్లవారుజామున ముండక్కై, చూరల్‌మల గ్రామాల మీద కొండచరియలు విరిగిపడి 250 మందికి పైగా మరణించినప్పుడు ఈ పేరు మీరు రేడియోలో, టీవీలో విని ఉంటారు. అంతకు ముందు నూరేళ్ళుగా అక్కడ జరిగిన మార్పు వార్తలకు ఎక్కలేదు. మనం చదవబోయేది ముఖ్యంగా ఆ మార్పు గురించి.

17.2 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
– వయనాడ్ జనాభా ఎందుకు, ఎప్పుడు వేగంగా పెరిగిందో వివరించగలుగుతారు;
– జనాభా పెరుగుదలకు, ఇళ్ళ పెరుగుదలకు గల తేడాను గుర్తించగలుగుతారు;
– అడవి మీద ఆధారపడిన ప్రజలందరూ ఒకే విధంగా నష్టపోరని ఉదాహరణలతో చెప్పగలుగుతారు;
– మీ ప్రాంతంలోని పరిస్థితితో పోల్చగలుగుతారు.

17.3 నేల, మనుషులు

వయనాడ్ పడమటి కనుమల మీద ఉన్న పీఠభూమి. సముద్రమట్టానికి చాలా చోట్ల 700 నుంచి 900 మీటర్ల ఎత్తు. విస్తీర్ణం సుమారు 2,130 చదరపు కిలోమీటర్లు. తూర్పున కర్ణాటకలోని బందీపూర్, నాగరహొళె అడవులు, తమిళనాడులోని ముదుమలై అడవి దీనిని ఆనుకొని ఉన్నాయి. "వయల్ నాడు", అంటే వరి పొలాల సీమ అన్న మాట నుంచి ఈ పేరు వచ్చిందని చెబుతారు. కొండల నడుమ పల్లపు చిత్తడి నేలల్లో వరి, వాలుల మీద అడవి: పాత వయనాడ్ స్వరూపం ఇది. 1980 నవంబరు 1న ఇది ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. ముఖ్యపట్టణం కల్పెట్ట.

ఇక్కడి ఆదివాసులు ఒకే తెగవారు కారు. ఈ సంగతి బాగా గుర్తుంచుకోండి. "గిరిజనులు" అని ఒక్క మాటలో చెప్పేస్తే పాఠం సగం అర్థం కాదు. కురిచియలు, ముళ్ళు కురుమలు సొంత సేద్యం చేసుకునే రైతులు. విల్లంబులలో ఆరితేరినవారు. 1805లో మరణించేవరకు పళశ్శి రాజా ఈస్టిండియా కంపెనీపై సాగించిన పోరులో కురిచియలు ఆయన పక్షాన నిలిచారు. పణియలు, అడియలు తరతరాలుగా భూస్వాముల పొలాల్లో వెట్టికి కట్టుబడినవారు. కేరళలోని షెడ్యూల్డు తెగలలో అత్యధిక సంఖ్య పణియలదే. మానంతవాడి దగ్గర వళ్ళియూర్‌కావు గుడి ఉత్సవంలో వీరిని ఏడాది పనికి కుదుర్చుకునే ఆచారం ఇరవయ్యో శతాబ్దంలో కూడా సాగింది. కాట్టునాయకులు అడవిలోనే ఉంటూ తేనె, దుంపలు, మూలికలు సేకరించి బతికేవారు. ఊరాళి కురుమలు కమ్మరం, కుమ్మరం, బుట్టల అల్లకం చేసేవారు.

అంటే ఒకరికి పొలం ఉంది, ఒకరికి కూలి తప్ప మరేమీ లేదు, ఒకరికి అడవే పొలం. బయటి నుంచి జనం వచ్చినప్పుడు ఈ ముగ్గురి మీద ఒకే దెబ్బ పడలేదు.

17.4 ఎవరు వచ్చారు? ఎందుకు వచ్చారు?

బ్రిటిషువారి కాలంలో, పంతొమ్మిదో శతాబ్దంలోనే, కాఫీ, తేయాకు తోటల కోసం ఇక్కడి అడవి కొంత నరికారు. అయినా జనం తక్కువే. కారణం మలేరియా. కనుమ ఎక్కినవాడు జ్వరంతో దిగుతాడని మైదానంలో భయం ఉండేది. ఒక విధంగా చూస్తే ఆ అడవికి అసలు కాపలాదారు దోమ!

1940 తరువాత పరిస్థితి మారింది. 1942లో జపాను సైన్యం బర్మాను ఆక్రమించడంతో అక్కడి బియ్యం రావడం ఆగిపోయింది. దక్షిణాన ఉన్న తిరువాన్కూరు సంస్థానం తిండిగింజలకు కటకటలాడింది. అక్కడ భూమి కమతాలు అప్పటికే చిన్నవి. అక్కడ కొద్దిపాటి భూమి అమ్మితే వచ్చే సొమ్ముతో మలబారు కొండల్లో అంతకు ఎన్నో రెట్లు కొనవచ్చు. ప్రభుత్వం కూడా "ఎక్కువ ఆహారం పండించండి" అనే ఉద్యమం నడుపుతోంది. ఈ కారణాలవల్ల వేలాది కుటుంబాలు కనుమ ఎక్కాయి. యుద్ధం ముగిశాక మద్రాసు ప్రభుత్వం మాజీ సైనికులకు ఇక్కడ భూములిచ్చి స్థిరపరచింది. తరువాత డి.డి.టి. చల్లడం మొదలై మలేరియా తగ్గింది. అడ్డుగా ఉన్న ఆఖరి గోడ కూలిపోయింది.

వచ్చినవారిని దోపిడీదారులుగా చిత్రించడం సులభం. కాని అది సరైన చదువు కాదు. వారిలో చాలామంది అప్పులతో, పసిపిల్లలతో వచ్చిన చిన్న రైతులు. జ్వరంతో పిల్లలను పోగొట్టుకున్నవారు, పంటను ఏనుగులు తొక్కేస్తే మళ్ళీ నాటుకున్నవారు. ఆకలి వారిని తరిమింది. ఒక పేదవాడి ఆకలి తీరడానికి మరొక పేదవాడి నేల పోవడం, ఇద్దరి మధ్య ఉండవలసిన ప్రభుత్వం అక్కడ లేకపోవడం: ఈ చరిత్రలోని చిక్కు ఇదే.

ఇప్పుడు జనాభా లెక్కలు చూడండి.

పట్టిక 17.1: వయనాడ్ జిల్లా ప్రాంతపు జనాభా
1941 – 1,06,350
1951 – 1,69,280
1961 – 2,75,255
1971 – 4,13,850
1981 – 5,54,026
1991 – 6,72,128
2001 – 7,80,619
2011 – 8,17,420

1941 నుంచి 1971 వరకు, ముప్పై ఏళ్ళలో, జనాభా దాదాపు నాలుగు రెట్లయింది. పుట్టుకలవల్ల మాత్రమే ఇంత పెరుగుదల రాదు, ఇది వలస. 1941లో చదరపు కిలోమీటరుకు సుమారు 50 మంది ఉండేవారు. 2011 నాటికి జనసాంద్రత 384. (2021లో జరగవలసిన జనగణన వాయిదా పడింది కాబట్టి ఈ పాఠంలో 2011 అంకెలనే వాడుతున్నాం.)

ఈ లోపల ఆదివాసుల సంఖ్య తగ్గలేదు. 2011లో జిల్లాలో 1,51,443 మంది ఉన్నారు. కేరళలోని మొత్తం షెడ్యూల్డు తెగల జనాభాలో ఇది 31 శాతం. కాని జిల్లా జనాభాలో వారి వాటా 18.5 శాతం మాత్రమే. సంఖ్య పెరిగినా వాటా తగ్గవచ్చు. వాటా తగ్గితే బజారులో బేరం, పంచాయతీలో మాట, బడిలో భాష, అన్నీ మారిపోతాయి. పణియ పిల్లవాడికి ఇంట్లో వినిపించే మాట ఒకటి, పాఠ్యపుస్తకంలో చదివే మలయాళం మరొకటి. తన తాతల నేల మీద కట్టిన బడిలో వాడు కొత్తగా వచ్చినవాడిలా కూర్చుంటాడు.

పాఠ్యాంశ ప్రశ్నలు 17.1
1. పట్టిక ఆధారంగా 1941–51 దశాబ్దంలో జనాభా ఎంత శాతం పెరిగిందో లెక్క కట్టండి.
2. 2001–11 దశాబ్దానికి అదే లెక్క కట్టండి.
3. ఖాళీని పూరించండి: వయనాడ్‌కు బయటివారు రాకుండా చాలాకాలం ఆపిన వ్యాధి ________.

17.5 భూమి చేతులు మారిన తీరు

మన దగ్గర పోడు అన్నట్టే మలబారులో "పునం" అంటారు. వాలు మీద కొంత అడవి కొట్టి, కాల్చి, విత్తి, కొన్నేళ్ళకు వదిలేసి మరో చోటికి వెళ్ళడం. వదిలిన నేల మళ్ళీ అడవి అవుతుంది. ఈ పద్ధతికి చాలా నేల కావాలి. అంతకంటే ముఖ్యంగా, వదిలిన నేల మన కోసం వేచి ఉంటుందన్న నమ్మకం కావాలి. దస్తావేజు మీద ఆ నేల జన్మి అనే భూస్వామిదో, దేవస్థానానిదో అయి ఉండేది. వలస వచ్చిన రైతు జన్మితో కాగితం రాయించుకునేవాడు. బీడుగా కనిపించిన ఆ నేల ఎవరి పునమో కాగితంలో ఉండదు. పునం చేసుకునేవాడు తిరిగి వచ్చేసరికి అక్కడ కంచె, కంచె లోపల కర్రపెండలం, ఒక గడ్డి ఇల్లు.

సొంత పొలమున్న కురుమలు, కురిచియల దగ్గర కొంత భూమి కౌలు పేరుతో, చేబదులు పేరుతో, కొన్నిచోట్ల నోటిమాట మీదే పోయింది. అయినా వారిలో చాలామంది కొంత నేల నిలబెట్టుకోగలిగారు. పణియలకు, అడియలకు మొదటి నుంచీ భూమి లేదు. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చి కట్టు తెగింది. కాని కట్టుతో పాటు యజమాని పొలంలో గుడిసె వేసుకునే చోటు కూడా పోయింది. స్వేచ్ఛ వచ్చింది, నిలబడే నేల రాలేదు. కాట్టునాయకుల సంగతి మరోలా జరిగింది. వారి అడవిలో కొంత టేకు, నీలగిరి తోటలయింది. మిగిలిన దానిలో 344 చదరపు కిలోమీటర్లు 1973లో వన్యప్రాణి అభయారణ్యమయింది. అక్కడ వారి చిరకాల నివాసమే ఒక విధమైన అక్రమ ప్రవేశంగా కనిపించసాగింది.

ఈ అభయారణ్యం పటం ఎప్పుడైనా చూస్తే ఒక సంగతి గమనించండి. అది ఒక్క ముక్కగా లేదు. ఉత్తరాన తోల్పెట్టి వైపు ఒకటి, దక్షిణాన ముత్తంగ వైపు మరొకటి. మధ్యలో పొలాలు, తోటలు, ఇళ్ళు. ఏనుగుకు ఈ సరిహద్దు తెలియదు. దాని దారి దానిదే.

17.6 జనం ఆగినా ఇళ్ళు ఆగలేదు

పైన రెండో ప్రశ్నకు మీరు కట్టిన లెక్క చూడండి. 2001 తరువాత వయనాడ్‌లో జనాభా పెరుగుదల దాదాపు ఆగిపోయింది. మరి ఇప్పుడు అడవి మీద ఒత్తిడి తగ్గాలి కదా? తగ్గలేదు. ఎందువల్ల?

దేశం మొత్తం మీద ఒక అంకె దీనికి కొంత సమాధానం ఇస్తుంది. 2001–2011 మధ్య భారతదేశ జనాభా 17.7 శాతం పెరిగింది. అదే కాలంలో కుటుంబాల సంఖ్య సుమారు 19.2 కోట్ల నుంచి 24.7 కోట్లకు, అంటే 28 శాతానికి పైగా పెరిగింది. మనుషుల కంటే పొయ్యిలు వేగంగా పెరిగాయన్నమాట. కుటుంబం చిన్నదైన కొద్దీ తలకు పడే ఇటుక, సిమెంటు, నీరు, కరెంటు ఎక్కువవుతాయి. నలుగురికి ఒక దీపం చాలు. ఇద్దరిద్దరుగా విడిపోతే రెండు దీపాలు కావాలి.

కేరళలో దీనికి మరొకటి తోడయింది. గల్ఫ్ దేశాలకు వెళ్ళినవారు పంపిన డబ్బు ఇళ్ళ రూపంలో కనిపిస్తుంది. 2011 జనగణన నాటికి ఆ రాష్ట్రంలో ప్రతి పది కట్టడాలలో ఒకటి ఖాళీగా ఉంది. మనుషులు లేని ఇల్లు కూడా కొండ రాయినే తింటుంది. దీనిమీద పర్యాటకం వచ్చింది. చల్లని గాలి, పొగమంచు, తేయాకు తోటల కోసం బెంగుళూరు నుంచి, కోళికోడ్ నుంచి వచ్చేవారికి రిసార్టులు, హోమ్‌స్టేలు లేచాయి. వరి పొలాలు అరటి తోటలుగా, అరటి తోటలు ఇంటి స్థలాలుగా మారాయి. వరి పొలాలను పూడ్చకుండా కేరళ ప్రభుత్వం 2008లో చట్టం చేసింది. 2015లో వయనాడ్ జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ భవనాల ఎత్తుకు పరిమితి పెట్టింది. అటువంటి ఆంక్ష అవసరమైందంటేనే పరిస్థితి ఎక్కడిదాకా వచ్చిందో ఊహించవచ్చు.

17.7 ఒక్క ఇంటికి ఎంత నేల?

అడవి అంచున ఒక రైతు పది సెంట్లలో ఇల్లు కట్టుకున్నాడు అనుకుందాం. ఆ ఇల్లు ఆక్రమించేది పది సెంట్లేనా?

ఇంటికి బాట కావాలి. బాట కోసం వాలును తొలిచి మట్టి తీస్తారు. వానాకాలంలో నీరు పాత దారి వదిలి ఈ కోత వెంట దిగుతుంది. కరెంటు తీగ వస్తుంది, దాని కింద కొమ్మలు నరకాలి. బోరు వేస్తారు, దిగువ ఊట సన్నగిల్లుతుంది. కుక్కను పెంచుతారు; జింకలు, కుందేళ్ళు అటు రావడం మానేస్తాయి. పెరట్లో పనస, అరటి వేస్తారు. ఏనుగు మాత్రం వాసన పట్టి వస్తుంది. ఏనుగు వస్తోందని కరెంటు కంచె వేస్తారు. ఆ కంచె ఏనుగును పక్క ఇంటి వైపు మళ్ళిస్తుంది. పక్క ఇల్లు కంచె కొనలేని పణియ కుటుంబానిది అయితే?

ఒక్కటొక్కటిగా చూస్తే ఇందులో ఏదీ నేరం కాదు. ఎవరి ఇల్లు వారికి కావలసిందే. కాని ఇటువంటి ఇళ్ళు కొండ మీద గుంపుగా ఒకచోట కాకుండా విడివిడిగా, చెదురుగా లేచినప్పుడు నష్టం ఎన్నో రెట్లవుతుంది. వంద ఇళ్ళు ఒకచోట ఉంటే ఒక బాట చాలు. వంద ఇళ్ళు వంద వాలుల మీద ఉంటే అడవి వంద ముక్కలు. నా ఉద్దేశంలో అడవి గ్రామాల విషయంలో "ఎన్ని ఇళ్ళు" అన్న ప్రశ్న కంటే "ఎక్కడ, ఎలా" అన్న ప్రశ్న ముఖ్యమైనది. మన పంచాయతీలు మాత్రం మొదటి ప్రశ్న కూడా సరిగా అడగవు.

2024 నాటి ఘోరం గురించి ఇక్కడ ఒక మాట. ఇళ్ళు, రిసార్టులే కొండను విరిచాయని కొందరు తేల్చేశారు. అది తొందరపాటు. విడవకుండా కురిసిన కుండపోత వాన, నిటారు వాలు, పలచని మట్టి పొర దానికి ప్రత్యక్ష కారణాలు. విరిగిన చోటు ఊళ్ళకు చాలా ఎగువన ఉంది. కాని విరిగిపడిన మట్టి, బండలు దిగివచ్చిన ఏటి దారిలో జనం నిద్రపోతున్నారు. వారిలో ఎక్కువమంది తోట కూలీలు, చిన్న వ్యాపారులు, చిన్నకారు రైతులు. అదే మేప్పాడి ప్రాంతంలో 2019 ఆగస్టు 8న పుత్తుమలలో కొండచరియ విరిగిపడి ప్రాణనష్టం జరిగింది. అంటే హెచ్చరిక ముందే అందింది. పడమటి కనుమలలో ఎక్కడ కట్టవచ్చు, ఎక్కడ కట్టకూడదు అన్న విషయమై మాధవ్ గాడ్గిల్ అధ్యక్షతన ఏర్పడిన నిపుణుల సంఘం 2011లోనే నివేదిక ఇచ్చింది. భూమి పోతుందన్న భయంతో అక్కడి రైతులు దానిని గట్టిగా వ్యతిరేకించారు. రైతులకు అర్థమయ్యే భాషలో గ్రామసభల ముందు చర్చకు పెట్టవలసిన నివేదిక, పుకార్ల రూపంలో వారిని చేరింది. వయోజన విద్యలో పనిచేసేవారు ఆలోచించవలసిన విషయమిది.

పాఠ్యాంశ ప్రశ్నలు 17.2
1. జనాభా పెరగకపోయినా ఇళ్ళు పెరగడానికి రెండు కారణాలు రాయండి.
2. తప్పో ఒప్పో చెప్పండి: వెట్టిచాకిరీ నిర్మూలన చట్టంతో పణియలకు సొంత భూమి వచ్చింది.
3. అడవి అంచున ఇళ్ళు చెదురుగా లేవడం, ఒకచోట గుంపుగా లేవడం: రెండింటిలో ఏది అడవికి ఎక్కువ నష్టం? ఎందుకు?

17.8 "కాలనీ" అనే మాట

ఇళ్ళ పెరుగుదలలో మరో రకం ఉంది. అది ఆదివాసులకు ప్రభుత్వం కట్టించి ఇచ్చే ఇళ్ళు. కొద్ది సెంట్ల స్థలంలో పక్కపక్కనే సిమెంటు ఇళ్ళు. దీనినే కాలనీ అనేవారు. మంచి ఉద్దేశంతో చేసిన పనే. కాని కాలనీకి స్థలం ఎంచినవారు ఇంటి గురించి ఆలోచించారు, బతుకు గురించి ఆలోచించలేదు. మేక కట్టుకునే చోటు లేదు. కూరపాదు పెట్టే చోటు లేదు. ఒక్క తరం గడిచేసరికి అదే ఇంట్లో మూడు కుటుంబాలు. కాంట్రాక్టరు సగంలో వదిలేసిన గోడలు, వాన కారే కప్పులు. ఇంట్లో ఒకరు చనిపోతే పూడ్చడానికి చోటు లేక గోడ వారగా పెరట్లోనే పూడ్చిన సంఘటనలు పత్రికలలో వచ్చాయి. ఆరడుగుల నేల అన్నది మనం మాటవరసకు అంటుంటాం. అక్కడ అది నిజంగా కొరవడింది.

2024 జూన్‌లో కేరళ ప్రభుత్వం షెడ్యూల్డు కులాలు, తెగల నివాసాలను ఇకమీదట "కాలనీ" అని పిలవరాదని ఉత్తర్వు ఇచ్చింది. ఆ మాట అక్కడివారిలో చిన్నతనం కలిగిస్తోందన్నది కారణం. పేరు మారడం మంచిదే. పిలుపులో గౌరవం చిన్న విషయం కాదు. సెంట్లు మాత్రం ఉత్తర్వుతో పెరగవు.

17.9 చట్టం దారి

చేతులు మారిన భూమిని ఆదివాసులకు తిరిగి ఇప్పించాలని కేరళ శాసనసభ 1975లో ఒక చట్టం చేసింది. దాని అమలుకు అవసరమైన నియమాలు రావడానికి 1986 దాకా పట్టింది. పదకొండేళ్ళు! ఈలోగా ఆ భూముల మీద ఇళ్ళు, బడులు, చర్చిలు, మసీదులు, దుకాణాలు వెలిశాయి. కూల్చడానికి ఏ ప్రభుత్వానికి ధైర్యం చాలుతుంది? 1999లో మరో చట్టం వచ్చింది. ఆదివాసేతరుడు 2 హెక్టార్ల వరకు తన వద్దనే ఉంచుకోవచ్చు, భూమి పోయిన ఆదివాసికి వేరే చోట ఇస్తారు అని దాని సారాంశం. ఈ చట్టం చెల్లుతుందని సుప్రీంకోర్టు 2009లో తీర్పు చెప్పింది. ఇక్కడ జనాభా మార్పు ఏం చేసిందో చూశారా? న్యాయం ఏమిటన్నది మారలేదు. న్యాయం చేయడానికి అయ్యే ఖర్చు మారింది. ఆలస్యమైన కొద్దీ ఇళ్ళు పెరుగుతాయి, ఇళ్ళు పెరిగిన కొద్దీ తిరిగి ఇవ్వడం అసాధ్యమవుతుంది.

"వేరే చోట" అన్నదీ తేలికగా దొరకలేదు. 2001లో సి.కె. జాను నాయకత్వంలో ఆదివాసులు తిరువనంతపురంలో సచివాలయం ఎదుట గుడిసెలు వేసి 48 రోజులు కూర్చున్నారు. ఇల్లు లేనివారు ఇల్లునే నిరసన రూపంగా మార్చుకున్నారు. భూమి ఇస్తామని ప్రభుత్వం ఒప్పుకొంది. ఒప్పందం సరిగా అమలు కాలేదని 2003 జనవరిలో వారు ముత్తంగ అడవిలో ప్రవేశించి గుడిసెలు వేశారు. ఫిబ్రవరి 19న పోలీసులు ఖాళీ చేయించబోగా ఘర్షణ, కాల్పులు జరిగాయి. ఒక ఆదివాసి, ఒక పోలీసు మరణించారు.

తరువాత 2006లో పార్లమెంటు అటవీ హక్కుల చట్టం చేసింది. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి అడవి భూమి సాగు చేస్తున్న షెడ్యూల్డు తెగల కుటుంబానికి 4 హెక్టార్లకు మించకుండా హక్కు, తేనె, వెదురు వంటి ఫలసాయం మీద సామూహిక హక్కు ఇందులో ఉన్నాయి. హక్కును మొదట తేల్చేది గ్రామసభ. ఇక్కడొక ముఖ్యమైన సూక్ష్మం ఉంది. పంచాయతీ వార్డు మొత్తానికి సభ పెడితే ఆదివాసులు అక్కడ మైనారిటీ. కేరళలో దీనికి ఆదివాసుల గూడెం స్థాయిలో జరిగే "ఊరుకూట్టం" ఆధారమయింది. అక్కడ వారి మాట వారిదే. సభకు హద్దు ఎక్కడ గీస్తామన్న దాన్నిబట్టి ఎవరి చెయ్యి పైకి లేస్తుందో తేలుతుంది.

17.10 మన ఏజెన్సీ, పొరుగు దేశం

మీలో కొందరు పాడేరు, రంపచోడవరం, భద్రాచలం, ఉట్నూరు ప్రాంతాల నుంచి చదువుతూ ఉండవచ్చు. మీకు ఒక ఆసక్తికరమైన సంగతి. గంజాం, విశాఖపట్నం, గోదావరి ఏజెన్సీలు, వయనాడ్ ఒకప్పుడు ఒకే మద్రాసు రాజధానిలో ఉండేవి. ఏజెన్సీలో గిరిజనుల భూమి ఏజెంటు అనుమతి లేకుండా ఇతరులకు పోకుండా 1917లోనే చట్టం వచ్చింది. వయనాడ్ ఏజెన్సీ కాదు. ఆ రక్షణ అక్కడ లేదు. స్వాతంత్ర్యం తరువాత మన ఏజెన్సీ అయిదో షెడ్యూలు కిందికి వచ్చింది. కేరళలో ఈనాటికీ షెడ్యూల్డు ప్రాంతం అంటూ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1959 నాటి భూ బదలాయింపు నిబంధన 1963లో తెలంగాణకు విస్తరించింది. 1970 నాటి సవరణ, మనం "వన్ ఆఫ్ సెవెంటీ" అని పిలిచేది, షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుల మధ్య కూడా భూమి అమ్మకాలను నిషేధించింది. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు దీనిని మరింత బలపరచింది.

అయితే చట్టం ఉన్నంత మాత్రాన భూమి నిలిచిందా? బినామీ పేర్లు, పెళ్ళి సంబంధాలు, కౌలు కాగితాలు, రోడ్డు పక్క దుకాణాల రూపంలో ఇక్కడా ఎంతో భూమి జారిపోయింది. అరకు, లంబసింగి వైపు వెళ్ళి వచ్చినవారు కొత్త బసలను చూసే ఉంటారు. ఆ నేల ఎవరిదని అడగడం మనలో ఎందరికి తోస్తుంది? అయినా తేడా ఉంది. ఇక్కడ ఒక గిరిజన రైతు కోర్టుకు వెళ్ళడానికి చేతిలో ఒక చట్టం ఉంది. వయనాడ్ పునం రైతుకు 1940లలో అది లేదు.

బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ కొండ ప్రాంతంలో ఇదే మార్పు ప్రభుత్వం చేతుల మీదుగానే జరిగింది. 1960ల తొలినాళ్ళలో కర్ణఫులి నది మీద కప్తాయ్ ఆనకట్ట కట్టినప్పుడు సుమారు లక్షమంది నిర్వాసితులయ్యారు, సాగుభూమిలో 40 శాతం మునిగింది. 1970ల చివరి నుంచి ప్రభుత్వం మైదానపు కుటుంబాలను తెచ్చి అక్కడ స్థిరపరచింది. చాక్మా తదితర కొండజాతులవారు ఒకప్పుడు జనాభాలో పదింట తొమ్మిది వంతులకు పైగా ఉండేవారు. 1991 నాటికి సగానికి చేరారు. సాయుధ పోరాటం సాగి, 1997 డిసెంబరు 2న ఒప్పందం కుదిరింది. భూ తగాదాలు మాత్రం ఒప్పందంతో తీరలేదు.

కృత్యం

మీ గ్రామంలో అరవై ఏళ్ళు దాటిన ఇద్దరిని కలవండి. వీలైతే ఒకరు భూమి ఉన్నవారు, ఒకరు కూలి చేసుకునేవారు కావాలి. తమ చిన్నతనంలో ఊరి హద్దు ఎక్కడ ఉండేదో, వంటచెరకు ఎక్కడి నుంచి తెచ్చేవారో, పశువులను ఎటు తోలేవారో అడగండి. ఇప్పుడు ఆ చోట్ల ఏముందో మీరే నడిచి చూడండి. ఇద్దరూ చెప్పిన సంగతులు ఒకేలా ఉండకపోవచ్చు. ఎవరు చెప్పింది సరైనదో తేల్చడానికి ప్రయత్నించకండి; తేడా ఎందుకు వచ్చిందో ఒక పేజీలో రాసి, మీ అధ్యయన కేంద్రంలో జరిగే సంపర్క తరగతికి తీసుకురండి.

ముగింపు ప్రశ్నలు

1. 1940–1970 మధ్య వయనాడ్‌కు వలసలు పెరగడానికి గల కారణాలను వివరించండి.
2. కురిచియలు, పణియలు, కాట్టునాయకులు: ఈ మూడు తెగల మీద జనాభా మార్పు ప్రభావం ఎందుకు వేరువేరుగా ఉంది?
3. "ఆలస్యమైన కొద్దీ న్యాయం చేయడం కష్టమవుతుంది." 1975 నాటి కేరళ చట్టం ఆధారంగా చర్చించండి.
4. అడవి అంచున ఉన్న ఒక పంచాయతీకి మీరు సర్పంచి అయ్యారనుకోండి. స్థలం లేని ఆదివాసి కుటుంబాలు ముప్పై, ఇంటి అనుమతి కోరే ఇతర కుటుంబాలు ముప్పై ఉన్నాయి. ఊరి ఉమ్మడి భూమి నాలుగు ఎకరాలే. మీరు ఏం చేస్తారు? కారణాలతో రాయండి.

పాఠ్యాంశ ప్రశ్నలకు జవాబులు

17.1
1. పెరుగుదల 1,69,280 – 1,06,350 = 62,930. దీనిని 1,06,350 చేత భాగించి 100 చేత గుణిస్తే సుమారు 59 శాతం.
2. పెరుగుదల 36,801, సుమారు 4.7 శాతం.
3. మలేరియా.

17.2
1. ఉమ్మడి కుటుంబాలు విడిపోవడం. బయటి సంపాదనతో కట్టి తాళం వేసే ఇళ్ళు. (పర్యాటక బసలు అని రాసినా సరైనదే.)
2. తప్పు. వెట్టి పోయింది, భూమి రాలేదు. యజమాని పొలంలోని గుడిసె చోటు కూడా పోయింది.
3. చెదురుగా లేవడం. ప్రతి ఇంటికీ వేరే బాట, తీగ, కంచె అవసరమై అడవి ముక్కలవుతుంది. ముగింపు ప్రశ్నలలోని నాలుగో ప్రశ్నకు జవాబు రాసేటప్పుడు ఈ అంశాన్ని వాడుకోండి.